శునకపోషణము - పౌరధర్మము

మన భారతకథ యొక కుక్కపిల్ల ఏడ్పుతో మొదలై, ఒక కుక్క వెంట నడువగా ముగింపునకు వచ్చుచున్నది. జనమేజయుడు యాగము చేయుచుండగా, సరమ యను దేవశునకము కుమారుడైన సారమేయుడు ఆ చోటికి పోయినాడు. రాజు తమ్ములు వానిని కొట్టిరి. ఏ తప్పును చేయని బిడ్డను ఏల కొట్టితిరని సరమ రాజు ఎదుటికే వచ్చి నిలదీసినది. ఇక మహాప్రస్థానమున ధర్మరాజు, తన్ను నమ్మి అంతదూరము వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రాజాలనని ఇంద్రునితో పలికినాడు. తప్పు చేయనిదానిని దండింపరాదు, నమ్మినదానిని విడువరాదు. ఈ రెండు కథలలోను పరీక్షకు నిలిచినవాడు మనుష్యుడే. నేటి పట్టణములలో కుక్కను పెంచువారికి కూడ ఇట్టి పరీక్షయే ప్రతిదినము ఎదురగుచున్నది.

పల్లెలో కుక్క బ్రతుకు వేరు. అది అరుగు క్రింద పండుకొనును. రైతు వెంట పొలమునకు పోవును. రాత్రి పశువుల కొట్టమును కాచును. ఊరివారందరును దానిని ఎరుగుదురు. అదియు ఊరివారిని ఎరుగును. దానికి గొలుసుతో అంతగా పని లేదు. పట్టణమున కుక్క అట్లు కాదు. అది నాలుగవ అంతస్తులో మూడు గదుల మధ్య పెరుగును. క్రిందికి దిగవలెనన్న ఇరుకైన లిఫ్టు. బయటికి పోవలెనన్న మోటారుల రొద. అడుగడుగున క్రొత్త ముఖములు. పల్లెనాటి స్వేచ్ఛను ఈ వీధిలో దానికిచ్చుట దానికిని మేలు కాదు, ఇరుగుపొరుగులకును మేలు కాదు.

ఉదయమున వీధిలోనికి పోయినచో మనకు తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. గొలుసు లేని కుక్క యెవరి మీదికో ఉరికిపోవును. ఆ మనిషి గోడకు ఆనుకొని నిలుచును. దూరము నుండి యజమాని నవ్వుచు, "భయపడకండి, మా కుక్క ఏమీ చేయదండీ" యనును. ఆయన అబద్ధమాడుటలేదు. ఆయన ఎరిగిన కుక్క నిజముగనే ఏమియు చేయదు. కాని ఆయన ఎరిగినది ఇంటిలోని కుక్కను. వీధిలో ఒక పిల్లవాడు కెవ్వున కేక వేసి పరుగెత్తినపుడు, చేతికఱ్ఱ గల వృద్ధుడు తడబడినపుడు, సంచి మోయువాడు హఠాత్తుగా మలుపు తిరిగినపుడు, అదే కుక్క ఏమి చేయునో ఆయనకును తెలియదు. పరుగెత్తుదానిని తరుముట దాని జాతిలో పుట్టిన గుణము. పైగా, కరవకపోయినను అది చేయునది కలదు. ఒకసారి భయపడిన ముసలమ్మ మరునాటి నుండి ఆ వీధిన గుడికి పోవుట మానుకొనును. పాలు తెచ్చు కుఱ్ఱవాడు, ఉత్తరములు పంచు పోస్టుమాను, ఇంటింట పని చేయు స్త్రీ దారి మార్చుకొనజాలరు. ప్రతిదినము ఆ భయముతోనే ఆ గుమ్మమెక్కవలెను. వీధి అందరిది. కుక్కయన్న భయము గలవానికి ఆ భయమునకు కారణము చెప్పుకొనవలసిన పని లేదు. వానికి దారి విడుచుట యజమాని ధర్మము.

"మొఱిగే కుక్క కరవదు" అను సామెతను నమ్మి చేయి చాచినవారు కొందరు కాటు తిన్నారు. మొఱిగిన కుక్కయు కరచును. మొఱగని కుక్కయు కరచును. తోక యాడించిన ప్రతి కుక్కయు స్నేహము కోరుచున్నదని తలచుటయు పొరపాటే. ఒడలు బిగుసుకొని, చూపు నిలిచిపోయి, తోకను పైకెత్తి బిఱుసుగా ఆడించు కుక్క హెచ్చరిక చేయుచున్నది. చెవులు వెనుకకు వాల్చుట, పెదవులు నాకుకొనుట, ముఖము త్రిప్పుకొనుట, కనుల తెలుపు కనబడునట్లు ఓరగా చూచుట - ఇవి భయమునకు గుర్తులు. భయపడిన కుక్కకు తప్పించుకొను దారి లేనపుడు అది కరచును. యజమాని యీ భాషను నేర్వవలెను. ఇంటిలోని పిల్లలకు నేర్పవలెను. తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను, పిల్లలను పెట్టిన కుక్కను ముట్టరాదని, కుక్క ఎదురైనపుడు పరుగెత్తక కదలకుండ నిలువవలెనని ప్రతి పిల్లవానికి తెలియవలెను.

ఇక గొలుసు మాట. ఇల్లు దాటిన క్షణము నుండి కుక్క మెడపట్టెడకు గొలుసో, గట్టి వారో ఉండవలెను. దాని రెండవ కొన, కుక్కను ఆపగల బలము గలవారి చేతిలో ఉండవలెను. పదియేండ్ల బాలునకు పెద్దజాతి కుక్కను అప్పగించి పంపుట ఇద్దరికిని అపాయమే. కరచు స్వభావము కనబడిన కుక్కకు, అది నోరు తెరచి రొప్పుటకు వీలగు చిక్కమును మూతికి తగిలింపవలెను. లిఫ్టులో ముందుగా నిలిచియున్నవారు ఇష్టపడనిచో మరుసటి లిఫ్టుకై ఆగవలెను. "రా", "కూర్చో", "ఆగు" అను మూడు మాటలకు లోబడునట్లు చిన్ననాటనే నేర్పవలెను. చెప్పినట్లు చేసినపుడు తినుబండారమిచ్చి మెచ్చుకొనిన కుక్క త్వరగా నేర్చుకొనును. కఱ్ఱతో నేర్చిన కుక్క భయమును నేర్చుకొనును. కుక్క వీధిలో చేసిన మలమును కాగితముతో నెత్తి చెత్తబుట్టలో వేయుట కూడ పెంపకములో భాగమే. అందు సిగ్గుపడవలసినది లేదు, విడిచిపోవుటలో కలదు.

అయితే, అదుపు అనగా పగలెల్ల కట్టివేయుట యని కొందరు తలచుచున్నారు. నాలుగడుగుల గొలుసుతో గేటు ప్రక్కన కట్టి, వచ్చుపోవువారినెల్ల చూచి మొఱుగుటయే బ్రతుకైన కుక్క క్రమముగా క్రూరమగును. ఒకనాడు గొలుసు తెగినచో దాని ఎదుట పడినవాని గతి ఏమి? 1960లో మన పార్లమెంటు చేసిన జంతుహింసా నివారణ చట్టము ఈ సంగతిని పట్టించుకొన్నది. ప్రఖ్యాత నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా చేసిన కృషి ఆ చట్టమునకు మూలము. మితిమీరిన పొట్టి గొలుసుతో, లేక బరువైన గొలుసుతో, జంతువును అనుచితమైన కాలము కట్టియుంచుట ఆ చట్టము ననుసరించి నేరము. ఎల్లపుడు కట్టియుంచు కుక్కకు తగిన వ్యాయామము కలిగింపకపోవుటయు నేరమే. కనుక ఉదయము, సాయంకాలము కుక్కను నడిపించుట యజమాని దయ కాదు; అతని విధి.

మనుష్యుల పక్షమునను చట్టము కలదు. తన జంతువు వలన ఒకరి ప్రాణమునకు ముప్పుగాని, తీవ్రమైన గాయముగాని కలుగకుండ తగిన జాగ్రత్త తీసికొననివాడు శిక్షార్హుడు. 1860 నాటి పీనలుకోడులోని 289వ సెక్షను ఈ మాట చెప్పెడిది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 291వ సెక్షను. ఆరు నెలల వరకు జైలు, అయిదువేల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. కాని కాటుపడిన బిడ్డకు జరిమానా వలన ఒరుగునదేమున్నది? జాగ్రత్త ముందే ఉండవలెను.

ఆ జాగ్రత్తలలో మొదటిది టీకా. రేబీస్ లక్షణములు కనబడిన తరువాత మనుష్యుడు బ్రతుకుట దాదాపు అసంభవము. లక్షణములు రాకమునుపు చికిత్స జరిగినచో మరణము తప్పును. 1885 జూలైలో లూయీ పాశ్చరు, పిచ్చికుక్క కరచిన జోసెఫ్ మైస్టరను తొమ్మిదేండ్ల బాలునకు టీకా వేసి ఈ సత్యమును లోకమునకు చూపినాడు. దక్షిణదేశమున 1907లో కూనూరులో పాశ్చరు సంస్థ వెలసినది. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు పొడుచుదురని మన పెద్దలు భయపడిన కాలమొకటి ఉండెను. ఆ పాతటీకా తయారీ 2005 నాటికి మన దేశమున నిలిచిపోయినది. ఇప్పుడు నెలదినములలో నాలుగైదు దఫాలుగా, భుజమునకు వేయుదురు.

"కుక్క కాటుకు చెప్పుదెబ్బ" యని సామెత. నిజమైన మందు సబ్బు, నీళ్లు. కరచినను, గీరినను, గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, సున్నము, కారము పూయరాదు. ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. గాయము లోతైనచో గాయములోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ అను మందును కూడ ఎక్కింపవలసియుండును. కరచినది పెంపుడు కుక్కయైనచో దానిని పది దినములు కట్టి కనిపెట్టవలెను, చంపరాదు, తరిమివేయరాదు. ఆ గమనింపు కొరకు మనుష్యుని చికిత్సను మాత్రము ఆపరాదు. పెంపుడు కుక్కకు మూడవ నెల నుండి పశువైద్యుని సలహాపై రేబీస్ టీకా వేయించి, ఏటేట మరల వేయించుచు, ఆ కాగితమును భద్రపరచవలెను. పొరుగువాని బిడ్డను మీ కుక్క గీరిన రాత్రి, ఆ తల్లికి ధైర్యమీయగలది ఆ కాగితమే.

కడపటి మాట యొకటి. ముద్దుగా నున్నదని పిల్లను తెచ్చి, పెరిగి పెద్దదైన పిమ్మట, బదిలీ వచ్చినదనియో, జబ్బు చేసినదనియో, ఊరి బయట విడిచివచ్చు గృహస్థులు కొందరు కలరు. కుక్క పది, పండ్రెండేండ్లు బ్రతుకును. అన్నియేండ్లు దానికి తిండి, వైద్యము, నడక ఈయగలమా యని తెచ్చుకొనకముందే ఇంటిల్లిపాది ఆలోచింపవలెను. ఈయజాలమని తోచినచో తెచ్చుకొనకుండుటయే దయ. తెచ్చుకొన్నవారు రేపు ఉదయము గుమ్మము దాటకముందు గొలుసును చేతికి తీసికొందురుగాక. ఎదుటివారు ప్రక్కకు తొలగకముందే తామే తొలగి దారి యిత్తురుగాక.