ప్రయాణానికి ఊలుసంచి

(పూర్వ విద్యార్థినుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మాట్లాడమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, "నేనేం మాట్లాడతానక్కా, నాకేం తెలుసని?" అన్నాను. "బస్సులో చూసినా, రైల్లో చూసినా, ఆఖరికి పెళ్ళి పందిట్లో చూసినా ఊలు అల్లుతూనే కనిపిస్తావు కదే! దాని గురించే చెప్పు" అన్నారు. అందుకని ఇవాళ ప్రయాణంలో ఊలు అల్లిక గురించి, దానికి సంచి ఎలా సర్దుకోవాలన్న దాని గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇంత పెద్ద సభలో ఇంత చిన్న విషయమా అనుకోకండి. చివరిదాకా విన్నాక అనండి.

మన బడిలో కుట్లు, అల్లికలు నేర్పిన టీచరుగారు మీకందరికీ గుర్తుండే ఉంటారు. ఒక్క కుట్టు జారినా మొత్తం విప్పించేవారు. ఒకసారి నేనే ధైర్యం చేసి అడిగాను, "టీచర్, సముద్రపు గాలి కొట్టే మన ఊళ్ళో స్వెటరు ఎవరికండీ?" అని. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "అందరూ ఈ ఊళ్ళోనే ఉండిపోతారా ఏమిటే?" అన్నారు. అప్పుడు నవ్వుకున్నాం. ఇవాళ ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో ఎంతమంది పిల్లలు ఇతర దేశాల్లో ఉన్నారో, ఎంతమంది ఏడాదికోసారి పెట్టెలు సర్దుతున్నారో చూస్తుంటే, ఆవిడకి అన్నీ ముందే తెలుసేమో అనిపిస్తోంది.

పనిని వెంట తీసుకెళ్ళడం మన ప్రాంతం వాళ్ళకి కొత్త కాదు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లే అమ్మలను చూస్తూ పెరిగినవాళ్ళం మనం. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు తెచ్చిన పని అది. చేతిలో ఒక క్రోషియా సూది, ఒళ్ళో ఒక దారపు ఉండ. అరుగు మీద కూర్చున్నా, బస్సు కోసం నిలబడినా చెయ్యి ఆగదు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ లేసు పనివాళ్ళ మీద 1982లో ఒక పుస్తకమే ప్రచురించారు. రోజంతా అల్లే ఈ ఆడవాళ్ళని పనివాళ్ళుగా కాక, ఇంట్లో ఖాళీగా ఉండి కాలక్షేపానికి అల్లుకునేవాళ్ళుగా చూశారని ఆవిడ రాశారు. ఆడవాళ్ళ "ఖాళీ" సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నా కథ. మా అమ్మాయి పురిటికి మొదటిసారి అమెరికా వెళ్ళాను. ఆవకాయ, కందిపొడి, పురిటికారం, శొంఠి, పాత చీరలు కత్తిరించి కుట్టిన బొంతలు, అన్నీ తూకం వేసి రెండు పెట్టెలు సర్దాను. నాకోసం ఒక మూల ఎనిమిది ఊలు ఉండలు పెట్టుకున్నాను. అల్లుడుగారికి జడల డిజైనుతో స్వెటరు. ఆరు నెలలు ఉంటాను కదా, ఖాళీయే కదా అనుకున్నాను. పురిటికి వెళ్ళే అమ్మమ్మకి ఖాళీ ఎక్కడుంటుందో మీకు తెలుసు.

మొదటి దెబ్బ విమానాశ్రయంలోనే తగిలింది. చేతిసంచిలో పద్నాలుగు అంగుళాల స్టీలు సూదులు, వాటి మీద నూటపది కుట్లు. "ఇవి లోపలికి కుదరవమ్మా" అన్నారు చెకింగులో. నా వెనక పెద్ద వరుస. సూదులు లాగేస్తే అల్లినదంతా జారిపోతుంది. ఇంకో ఊలు పోగు తీసి, మొద్దు సూదితో కుట్టు కుట్టుకీ ఎక్కించి, అప్పుడు సూదులు అప్పగించాను. నా వెనకాయన గడియారం చూసుకుంటూనే ఉన్నాడు, పాపం.

రెండో దెబ్బ అక్కడ దిగాక. "పదో నంబరు సూదులు తెచ్చిపెట్టమ్మా" అంటే మా అమ్మాయి తెచ్చింది. చూస్తే పప్పుగుత్తి కాడంత లావు! తరవాత తెలిసింది. మనం వాడేది పాత ఇంగ్లీషు లెక్క. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, పదో నంబరు అంటే 3.25 మిల్లీమీటర్లు. అమెరికా లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది లావవుతుంది, అక్కడి పదో నంబరు 6 మిల్లీమీటర్లు. ఆ రోజునుంచి నంబరు చెప్పడం మానేశాను. ఎక్కడ కొన్నా మిల్లీమీటర్లే అడుగుతాను.

ఆరు నెలలకి తిరిగొచ్చేటప్పుడు నా పెట్టెలో ఏముంది? స్వెటరు వీపు భాగం, అదీ చంకల దాకా. చేతులు లేవు, ముందు భాగం లేదు. అల్లుడుగారు మర్యాదస్థుడు కాబట్టి ఇప్పటిదాకా అడగలేదు.

ఆ వీపు భాగం ముందు పెట్టుకుని ఆలోచించాను. తప్పు ఊలుది కాదు, సూదులదీ కాదు. ప్రయాణంలో నాకు నిజంగా ఉండే సమయానికి కాకుండా, ఉంటుందని నేను ఊహించుకున్న సమయానికి సర్దుకున్నాను. మళ్ళీ ఆ తప్పు చెయ్యకుండా కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను.

మొదటిది, గంటలు లెక్కపెట్టుకోవాలి. నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్ళడానికి ఒక రాత్రి పడుతుంది. కానీ అది నిద్రపోయే ప్రయాణం. బెర్తులు వేసేలోపు ఒక గంట, తెల్లారి ఒక అరగంట, అంతే. అమెరికా ప్రయాణం ఒక రోజు పైనే పడుతుంది కానీ, తిండి, నిద్ర, విమానం మారడం, నడుంనొప్పి పోగా నేను అల్లినది నాలుగు గంటలకి మించలేదు. నాకు డెబ్బై కుట్ల వరుసకి మూడు నిమిషాలు పడుతుంది. పసిపిల్ల టోపీకి యాభై వరుసలు చాలు. అంటే రెండున్నర గంటలు. విమానంలో టోపీ పూర్తవుతుంది, స్వెటరు కాదు.

రెండోది, వెళ్ళేముందే నమూనా ముక్క అల్లి కొలుచుకోవాలి. మధ్యరకం ఊలు, 4 మిల్లీమీటర్ల సూది అయితే 10 సెంటీమీటర్లకి నాకు 22 కుట్లు వస్తాయి. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. టోపీ సాగుతుంది కాబట్టి 32కి అల్లితే చాలు. 32 సెంటీమీటర్లకి 70 కుట్లు. ఈ లెక్క ఇంట్లో చేసుకుని చీటీ మీద రాసుకుంటే, రైల్లో బుర్ర బద్దలు కొట్టుకోనక్కరలేదు. ఫోనులో రాసుకోకండి, అవసరమైనప్పుడే చార్జింగు అయిపోతుంది.

మూడోది, ఇంట్లోనే కుట్లు ఎక్కించి, పది వరుసలు అల్లి, ఆ తరవాతే సంచిలో పెట్టుకోవాలి. కదిలే బండిలో కుట్లు ఎక్కించి లెక్కపెట్టడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. నలభై దగ్గరికి వచ్చేసరికి "టీ, కాఫీ" అని కేక వినిపిస్తుంది. మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

నాలుగోది, సూది. రెండు పొడుగు సూదులతో అల్లితే పక్కవాళ్ళకి మోచెయ్యి తగులుతుంది. చెయ్యి జారితే సూది బెర్తు కిందకి దొర్లిపోతుంది. రెండు చివర్లూ సూదిగా ఉండి మధ్యలో తీగ ఉండే సర్క్యులర్ సూది అయితే ఈ బాధ లేదు. బరువంతా ఒళ్ళోనే ఉంటుంది. వెదురుదైతే కుట్లు జారవు. ఆపినప్పుడు మొనలకి పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు ముక్కలు గుచ్చండి. అమెరికా భద్రతా నియమాల ప్రకారం అల్లిక సూదులు చేతిసంచిలో తీసుకెళ్ళవచ్చు. కత్తెర అయితే ఇరుసు నుంచి మొనదాకా నాలుగు అంగుళాల లోపు ఉండాలి. అయినా ఎక్కడైనా చెకింగు దగ్గరున్న అధికారి మాటే ఆఖరు మాట. అందుకని ఖరీదైన సూదులు పెద్ద పెట్టెలో వెయ్యండి. చేతిసంచిలో మాత్రం ఒక పొడుగు పోగు, ఒక మొద్దు ప్లాస్టిక్ సూది మరిచిపోకండి. సూదులు పోయినా అల్లిక దక్కుతుంది.

అయిదోది, ఊలు మొత్తం ఒకేసారి కొనాలి. ఉండ చుట్టూ ఉండే కాగితం మీద రంగు నంబరుతోపాటు లాటు నంబరు కూడా ఉంటుంది. రంగు ఒకటే అయినా లాటు మారితే తేడా తెలుస్తుంది. అలాగే బండిలో తెల్ల ఊలు మాసిపోతుంది, నల్ల ఊలు మసకవెలుతురులో కనిపించదు. మధ్యరకం రంగు తీసుకోండి.

ఇక పసిపిల్లలకి అల్లేవాళ్ళకి ఒక మాట. మెడ దగ్గర తాళ్ళు, ఊడొచ్చే గుండీలు, ఊలు బంతులు పెట్టకండి. వేళ్ళు ఇరుక్కునే పెద్ద చిల్లుల డిజైన్లూ వద్దు. వాషింగ్ మెషీనులో ఉతకడానికి పనికొచ్చే ఊలే తీసుకోండి. లేకపోతే అమ్మమ్మ అల్లినది బొమ్మకి సరిపోయేంత అవుతుంది.

ఇన్ని పద్ధతులు చెప్పాను. ఇవన్నీ తెలిసి కూడా నేను తప్పిన ప్రయాణం ఒకటుంది. అసలు చెప్పాలనుకున్నది అదే.

కొన్నేళ్ళ క్రితం మా వారికి ఒంట్లో బాగాలేక వెల్లూరు తిరగాల్సి వచ్చింది. తాడేపల్లిగూడెంలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి కాట్పాడిలో దిగుతాం. అక్కణ్ణుంచి ఆటో. మొదటిసారి ఆయన ఫైలు, మందులు, ఫ్లాస్కు, దుప్పటి, పచ్చడి సీసా, అన్నీ సర్దాను. ఊలుసంచి చేతిదాకా వచ్చింది. మళ్ళీ బీరువాలో పెట్టేశాను. మొగుడికి బాగోకపోతే ఈవిడ అల్లికలు పట్టుకుని బయలుదేరింది అనుకోరూ? అది నా భయం.

ఆ రోజు ఆయన్ని పరీక్షలకి లోపలికి తీసుకెళ్ళాక అయిదు గంటలు బయట కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆ అయిదు గంటల్లో నా మనసు వెళ్ళకూడని చోట్లకన్నీ వెళ్ళొచ్చింది. లోపలినుంచి వచ్చి ఆయనే నన్ను చూసి, "ఏమోయ్, పరీక్షలు నాకా, నీకా?" అన్నారు.

రెండోసారి వెళ్ళేటప్పుడు ఎవరేమనుకున్నా సరే అని సంచి తీశాను. బూడిదరంగు ఊలు, నలభై కుట్లు, అంతా నిట్టే, పర్లు కూడా లేదు. మఫ్లరు. లెక్క అక్కర్లేదు, చూడక్కర్లేదు, పేరు పిలవగానే వరుస మధ్యలో వదిలేసి లేవచ్చు. అలాంటి చోటికి అలాంటి అల్లికే కావాలి. తెలివితేటలు చూపించే డిజైను అక్కడ పనికిరాదు.

ఒకరోజు పక్కన ఒక బెంగాలీ ఆవిడ కూర్చుంది. కొడుకుని తీసుకొచ్చిందట. నాకు ఆవిడ భాష రాదు, ఆవిడకి నాది రాదు. నా చేతులవైపే చూస్తూ ఉంది. సూదులు అందించాను. ఆరు వరుసలు అల్లి ఇచ్చింది. నాకన్నా చక్కగా అల్లింది. వాళ్ళ నంబరు పిలిచారు, వెళ్ళిపోయింది. మళ్ళీ కనిపించలేదు. ఆ ఆరు వరుసలు ఎక్కడున్నాయో నేను కళ్ళు మూసుకుని వేలితో చూపించగలను.

మూడు ఉండలు కొన్నాను ఆ మఫ్లరుకి. నాలుగడుగులు అయ్యేసరికి ఊలు అయిపోయింది. మా తిరగడం మాత్రం అయిపోలేదు. లాటు నంబరు గురించి మీకు ఇందాక పాఠం చెప్పాను కదా. ఎన్నిసార్లు వెళ్ళాల్సి వస్తుందో కొనేటప్పుడు ఎవరికి తెలుస్తుంది? మళ్ళీ కొన్నాను, లాటు దొరకలేదు. నాలుగో అడుగు దగ్గర రంగు మారినట్టు స్పష్టంగా తెలుస్తుంది. రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజుల్లో వరుసలు బిగుసుకుపోయాయి, బాగుందన్న రోజుల్లో వదులయ్యాయి. మా టీచరుగారు చూస్తే మొత్తం విప్పించేవారు. నేను విప్పలేదు.

ఇంక ఏడాదికోసారి వస్తే చాలని డాక్టరుగారు అన్న రోజున, కాట్పాడి ప్లాట్‌ఫారం మీద కూర్చుని కుట్లు ముగించాను. ఏడడుగులు వచ్చింది. ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకింగుకి వెళ్ళేటప్పుడు ఆయన రెండు చుట్లు చుట్టుకుంటారు, అయినా నడుందాకా వేలాడుతుంది. "ఎవరన్నా అడిగితే మా ఆవిడకి కొలతలు రావని చెబుతున్నా" అంటారు. చెప్పుకోనివ్వండి. ఇవాళ నన్ను ఈ సభకి స్కూటరు మీద దింపి వెళ్ళింది ఆయనే.

అక్కలూ, చెల్లెళ్ళూ, మనం పెట్టె సర్దితే అందరికీ సర్దుతాం. కూతురికి పచ్చడి, అల్లుడికి స్వీటు, మనవడికి బొమ్మ, మొగుడికి మాత్రలు. మన చేతులకి మాత్రం ఏమీ పెట్టుకోం. ఎదురుచూడటం మన పని అయినప్పుడు దాన్ని ఖాళీ అంటారు, మనమూ అదే అనుకుంటాం. అది ఖాళీ కాదు. పెట్టెలో జానెడు చోటు మీకోసం ఉంచుకోండి. ఊలే కానక్కర్లేదు. లేసు కావచ్చు, ఎంబ్రాయిడరీ కావచ్చు, పుస్తకం కావచ్చు. కానీ చిన్నదిగా, ఎక్కడైనా ఆపగలిగేదిగా ఉండాలి.

సంఘానికి ఒక్క విన్నపం. మన బడిలో ఇప్పుడు కుట్టు పీరియడు లేదని విన్నాను. నెలకో శనివారం అవకాశం ఇస్తే, సూదులు, ఊలు నేనే తెచ్చుకుని వస్తాను. ఈ పిల్లలూ ఈ ఊళ్ళోనే ఉండిపోరు కదా.

ఇంక కింద కూర్చుని మిగతావారి ప్రసంగాలు వింటాను. సంచి తెచ్చుకున్నాను. చేతులు ఆడుతుంటే విననట్టు కాదు. సెలవు.