బొటనవేలికీ ఒక నంబరు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను, బిల్లులు చూసిన గుమాస్తాను. కాబట్టి కాగితం సంగతే చెబుతాను.

కిందటి వేసవిలో సన్నెకల్లు జరపబోయి పొత్రాన్ని కుడికాలి మీద వేసుకున్నాను. ఎవరు జరపమన్నారని మా ఇంటావిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది. బొటనవేలి చివరి ఎముక విరిగి పక్కకు జరిగింది, చర్మం చీలింది. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచి, గాయం కడిగి, సన్నని పిన్ను వేసి పంపారు. బీమా క్లెయిము పెడితే తిరిగి వచ్చింది. రోగనిర్ధారణకూ ఎక్స్‌రే రిపోర్టుకూ పొంతన లేదట!

మా మనవరాలు హైదరాబాదులో అమెరికా ఆసుపత్రుల బిల్లులకు మెడికల్ కోడింగ్ చేస్తుంది. ఫారం చూసి, "తాతయ్యా, నీ బొటనవేలిని చిటికెనవేలు చేసేశారు" అంది. ఆసుపత్రివారు నింపిన గడిలో ఎస్ 92.5 అని ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పదవ వర్గీకరణలో అది బొటనవేలు కాక మిగతా కాలివేళ్లు విరిగినప్పుడు వేసేది. బొటనవేలికి 92.4.

మనకిది కొత్త విద్యేమీ కాదు. పెన్షనంటే 2071 పద్దు. ఒక్క అంకె తప్పితే ట్రెజరీ ఊరుకునేదా? ఇక్కడ ఎస్ అంటే దెబ్బ, 92 అంటే పాదం ఎముక విరగడం, చుక్క తరువాత ఏ ఎముకో. అమెరికావారు 2015 అక్టోబరు 1 నుంచి దీన్నే ఏడు స్థానాల దాకా పెంచి వాడుతున్నారు. వారి లెక్కలో నా వేలు ఎస్ 92.421బి. ఆ 1 కుడికాలు, ఎడమైతే 2. బి అంటే చర్మం చీలిన దెబ్బకు తొలి చికిత్స.

ఒక మాట ఒప్పుకోవాలి. సర్వీసులో ఉండగా ఒక రిటైర్డు అటెండరుగారి వైద్యఖర్చుల బిల్లును, ఒకచోట ఎడమ, ఒకచోట కుడి అని ఉందని రెండుసార్లు తిప్పి పంపాను. అభ్యంతరం సరైనదే. కాని ఏది దిద్దించుకోవాలో రాయలేదు. ఆయన ఊతకర్రతో వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాకే చెప్పాను. నా క్లెయిము తిరిగొచ్చిన రోజు ఆయనే కళ్లముందు మెదిలారు.

డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే రిపోర్టు జతచేసి ఆసుపత్రికి అర్జీ ఇచ్చాను. అంకెను మనం దిద్దకూడదు. వారే దిద్ది, సంతకం చేసి, ముద్ర వేయాలి. మూడు వారాలకు డబ్బు వచ్చింది. మీరు డిశ్చార్జి రోజునే, మందుల సంచీ సర్దుకోకముందే, ఏ కాలు, ఏ వేలు, ఏ అంకె రాశారో చూసుకోండి. నా అర్జీ నకలు కార్యదర్శిగారి దగ్గర ఉంచాను. కావలసినవారు జెరాక్స్ తీసుకోవచ్చు.