వార్త యెవరి సొత్తు?

(నస్పూరులో జరిగిన యువజన సభయందు చేసిన ప్రసంగము)



గనిలోనికి దిగినవాడు పైకి వచ్చువరకు ఇంటివారు గడియలు లెక్కించుచుందురు. నస్పూరు, శ్రీరాంపూరులలో నిది నిత్యానుభవము. 2021 నవంబరులో శ్రీరాంపూరు ప్రాంతపు గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు మరణించిరి. అట్టి దినమున మనకు ముందుగ గావలసినది నిజమైన వార్త. ఒక్క పేరు తప్పుగ వచ్చెనా, ఒక యింట వృథాశోకము, వేరొక యింట వృథాశ. కావున వార్త యెవరి చేతులమీదుగా మనకు చేరుచున్నదో తెలిసికొనుట అవసరము.

ఏ పత్రికయు ప్రతి యూర విలేఖరిని నిలుపజాలదు. 1846లో న్యూయార్కు పత్రికలు కొన్ని మెక్సికో యుద్ధవార్తలను తెప్పించు వ్యయమును గలసి భరింప నిశ్చయించినవి. అసోసియేటెడ్ ప్రెస్ అట్లు పుట్టినది. నలుగురు రైతులు కూడి యొక బావి త్రవ్వించుకొని, యెవరి పొలమునకు వారు నీరు పెట్టుకొనుట వంటిదే యిది.

మన దేశమున ఆ బావి పరుల చేతిలో నుండెను. కె. సి. రాయ్ గారు నెలకొల్పిన అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియా రాయిటరు సంస్థ వశమయ్యెను. సదానందుగారు ఫ్రీ ప్రెస్ వార్తాసంస్థను నడపి ఆ గుత్తాధిపత్యము నెదిరించిరి గాని యది నిలువలేదు. తుదకు 1947 ఆగస్టు 27వ తేదీన మద్రాసులో ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా రిజిష్టరయ్యెను. 1949లో వార్తాసేవ దాని చేతికి వచ్చెను. చట్టము దృష్టిలో నది కంపెనీయే. అయినను వాటాదారులు పత్రికలే, లాభము పంచుకొనుట లేదు. దాని సహకార స్వభావమంతయు నిందే యున్నది.

పని జరుగు తీరు తెలుపుదుము. ఊర విలేఖరి తొలుత రెండు పంక్తులు పంపును. ఎవరు చెప్పిరి, ఎందరు, ఎప్పుడు అని సంపాదకవర్గము ప్రశ్నించును. నిర్ధారణమైనది అన్ని పత్రికలకు నొకే వేళ పోవును. వివరములు చేరిన కొలది వార్త పెరుగును, తప్పు దొరలినచో సవరణ వెళ్లును. నాడు టెలిప్రింటరు, నేడు కంప్యూటరు. యంత్రము మారినను ఆ ప్రశ్నలు మారలేదు. రాజకీయ పక్షభేదములు గల పత్రికలు ఒకే వార్తను కొనుచున్నవి గనుక, ఏ పక్షమునకు మొగ్గినను రెండవవారు నిలదీయుదురు. సంస్థకు నదియే కాపలా.

అయినను అపాయములు లేకపోలేదు. అసోసియేటెడ్ ప్రెస్ సభ్యులు తమ పోటీదారులకు తలుపు మూయు నియమములు చేసికొనగా, అవి చెల్లవని 1945లో అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. మన దేశమున అత్యవసర పరిస్థితి కాలమున, 1976లో, నాలుగు వార్తాసంస్థలను గలిపి ‘సమాచార్’ అను నొక్క సంస్థగ జేసిరి. 1978లో అవి మరల విడివడినవి. నాలుగు వాకిళ్లు ఒక్కటైనచో మూయుటకు ఒక్క గడియ చాలును గదా!

మేము వకీళ్లము. చెప్పుడుమాట సామాన్యముగ సాక్ష్యము గాదని మా వృత్తి మాకు నేర్పినది. 2011 సకలజనుల సమ్మెనాడు కార్యకర్తలుగ తిరుగుచు, ఒక పుకారు జనమును ఎంత కలవరపెట్టునో కన్నులార జూచితిమి. నేడు సెల్‌ఫోను గల ప్రతివాడును విలేఖరియే. కావున మీకు మా విన్నపమిది: చూచినది చూచినట్లు చెప్పుడు, విన్నదానిని విన్నదనియే చెప్పుడు. మృతుని పేరును ఇంటివారికంటె ముందుగ ఊరికి చాటకుడు. పత్రికను వెలయిచ్చి కొనుడు. మనము వెల యీయని వార్తకు వేరెవరో వెల యిత్తురు. అప్పుడది వారి వార్తయే యగును, మనది గానేరదు.