యాభై ఏళ్ల బలం: అధ్యక్షోపన్యాసం



పాలిమర్ల గురించి తెలుగులో మాట్లాడుకునే సదస్సు ఇది. ముందు వరుసల్లో ఆచార్యులు, పరిశోధక విద్యార్థులు ఉన్నారు. వెనక బాలానగర్, కాటేదాన్, విజయవాడ ఆటోనగర్‌ల నుంచి వచ్చిన డై మేకర్లు, మౌల్డింగ్ షాపుల వాళ్లు ఉన్నారు. నా మాటలు ఎక్కువగా వెనక వరుసల వాళ్ల కోసం. ఇంట్లో బకెట్టు, పొలంలో డ్రిప్ లేటరల్, మోటారు కింద రబ్బరు బుష్ ఎన్నాళ్లు మన్నుతాయో తేల్చేది వాళ్లే.

నా వాదం చిన్నది. ప్లాస్టిక్, రబ్బరు వస్తువుల్ని మొదటి రోజు బలం చూసి డిజైన్ చేస్తున్నాం. చూడాల్సింది ఆఖరి రోజు బలం. అలా చూస్తే ఖరీదు పెరిగిపోతుందని షాపు యజమానుల భయం. ఆ భయం అక్కర్లేదనీ, మన్నికా చవకా రెండూ చాలావరకు ఆకారంలోనే దొరుకుతాయనీ నా నమ్మకం.

ఇనుప దూలం మీద బరువు పెడితే మొదటి రోజు ఎంత వంగిందో పదేళ్లకూ దాదాపు అంతే వంగి ఉంటుంది. పాలీప్రొపిలీన్ అర మీద పుస్తకాలు పేర్చి చూడండి. సాయంత్రానికి కాస్త వంగుతుంది, నెలకు మరికాస్త, ఏడాదికి కంటికి ఆనేంత. బరువు పెరగలేదు, ప్లాస్టిక్ చెడిపోలేదు. లోపల చిక్కుపడ్డ దారపు ఉండలా ఉండే పొడవాటి అణువుల గొలుసులు ఒకదాని మీద ఒకటి మెల్లగా జారుతున్నాయి. ఇంత పొడవాటి గొలుసులు ఉంటాయని జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ స్టౌడింగర్ 1920లో రాస్తే తోటివాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు. ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది 1953లో. గొలుసుల ఆ మెల్లని జారుడునే క్రీప్ అంటున్నాం.

ప్లాస్టిక్ దానా కొన్నప్పుడు ఇచ్చే డేటా షీట్‌లో లాగుడు బలం, మాడ్యులస్ (బిగువు) అంకెలు ఉంటాయి. అవి 23 డిగ్రీల గదిలో, నిమిషాల్లో ముగిసే పరీక్షలో వచ్చినవి. నెలల తరబడి బరువు మోసే బ్రాకెట్టును ఆ అంకెలతో గీస్తే అది వంగక ఏం చేస్తుంది? ఏడాది పాటు బరువు కింద ఉన్న పాలీప్రొపిలీన్‌కు లెక్కలో వాడదగిన మాడ్యులస్ సగానికి, ఒక్కోసారి మూడో వంతుకు కూడా దిగిపోతుంది.

ఈ విషయంలో నీటి పైపుల పరిశ్రమ మనందరికన్నా ముందుంది. హెచ్‌డీపీఈ పైపు మీద పీఈ 80 అనో పీఈ 100 అనో అచ్చు వేసి ఉంటుంది. 20 డిగ్రీల నీటితో ఒత్తిడిలో నిరంతరంగా ఉంచినా, 50 ఏళ్లకు కూడా ఆ పదార్థం చదరపు మిల్లీమీటరుకు కనీసం 10 న్యూటన్లు ఓర్చుకుంటుందని ఆ 100కు అర్థం. అదే ముక్కను ఇవాళ యంత్రంలో పెట్టి లాగితే 20కి పైనే వస్తుంది. ఘనంగా కనిపించే ఇవాళ్టి అంకెను వదిలేసి, యాభై ఏళ్ల తర్వాతి అంకెను పేరులో పెట్టుకున్నారు. అదీ నిజాయితీ అంటే. అయితే ఆ హామీ 20 డిగ్రీలకే. మే నెల రామగుండంలో ఎండకు పడి ఉన్న నల్ల పైపు గోడ అంతకు ఎన్నో డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. వేడి పెరిగిన కొద్దీ అనుమతించే ఒత్తిడిని ఎంత తగ్గించాలో పట్టికలున్నాయి. వాటిని చూడకుండా పైపు తరగతి ఎంచుకోవడం రైతుకు చేసే అన్యాయం.

పైపు నల్లగా ఉండటం కూడా డిజైనే. బరువులో సుమారు రెండున్నర శాతం కార్బన్ బ్లాక్ కలుపుతారు. గొలుసుల్ని తెంపే అతినీలలోహిత కిరణాల్ని అది మింగేస్తుంది. డ్రిప్ లేటరళ్లు ఏళ్ల తరబడి ఎండలో పడి ఉండి కూడా పగలకపోవడం ఆ చిటికెడు మసి చలవే.

రబ్బరు దగ్గరికి వస్తే చలీ వేడీ మరింత గట్టిగా లెక్కలోకి వస్తాయి. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక కూలి ఏడుగురు మరణించారు. దాని రాకెట్ బూస్టర్ అతుకుల్లో ఉన్నవి ఫ్లోరోకార్బన్ రబ్బరు ఓ-రింగులు. అంతకుముందు జరిగిన ప్రయోగాల్లో అన్నిటికన్నా చల్లనిది 12 డిగ్రీల దగ్గర జరిగింది. ఆ ఉదయం 2 డిగ్రీలు. అతుకు కాస్త విచ్చుకున్న క్షణంలో రింగు వెంటనే పొంగి సందు మూయాలి. చలికి రబ్బరు బిగుసుకుపోయి ఆ పని ఆలస్యమైంది. విచారణ సంఘంలో సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఓ-రింగు ముక్కను క్లాంపులో బిగించి, ఐసు నీళ్ల గ్లాసులో ముంచి, తీసి, అది వెంటనే మామూలు ఆకారానికి రావడం లేదని కెమెరాల ఎదుటే చూపించాడు. మన కుక్కర్ గాస్కెట్‌కు ఎదురయ్యేదీ ఇదే పరీక్ష, కాకపోతే వేడి వైపు నుంచి. రోజూ నొక్కుడులో ఉడికి ఉడికి, వదిలినా పైకి లేవని గాస్కెట్‌లో చిరుగు ఉండదు, పగులు ఉండదు, ఆవిరి మాత్రం పోతుంది. గాస్కెట్‌కు కావాల్సింది లాగుడు బలం కాదు, తిరిగి లేచే గుణం. దాన్ని కంప్రెషన్ సెట్ పరీక్షతో కొలవాలి. లాగి తెంపి చూసి సర్టిఫికెట్ ఇస్తే సరిపోదు.

రబ్బరు త్వరగా పాడవుతుందనే మాట సగమే నిజం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒక రైల్వే వంతెన కింద 1889లో సహజ రబ్బరు దిమ్మలు పెట్టారు. దాదాపు వందేళ్ల తర్వాత పరిశీలిస్తే పై పొర మిల్లీమీటరు మేర మాత్రమే పాడై ఉంది, లోపలంతా పనికొచ్చే రబ్బరే. మందంగా ఉన్న రబ్బరులోకి ఆక్సిజన్ అంత తేలిగ్గా దూరలేదు. పాడైన పై పొరే లోపలి దాన్ని కాపాడుతుంది. పలచటి రబ్బరుకు ఆ రక్షణ లేదు. సాగదీసి బిగించిన పలచటి రబ్బరును ఓజోన్ అడ్డంగా చీల్చేస్తుంది. కాబట్టి రబ్బరును వీలైనంత వరకు నొక్కుడులో పని చేయించాలి, లాగుడులో కాదు. ఇంకొకటి: రబ్బరు ఆకారం మారుతుంది కానీ ఘనపరిమాణం దాదాపు మారదు. నొక్కినప్పుడు పక్కలకు ఉబ్బడానికి చోటు ఇవ్వకుండా గూటిలో బిగిస్తే రాయిలా ప్రవర్తిస్తుంది. ఎంత ఉబ్బనివ్వాలో మన చేతిలో ఉంటే ఎంత మెత్తగా ఉండాలో కూడా మన చేతిలోనే ఉంటుంది. పలచటి రబ్బరు పొరల మధ్య ఉక్కు రేకులు పెట్టి అతికితే పైనుంచి నొక్కుడుకు గట్టిగా, పక్కకు కదలికకు మెత్తగా ఉండే బేరింగు తయారవుతుంది. 2001 భూకంపంలో కూలిన భుజ్ ఆస్పత్రిని మళ్లీ కట్టినప్పుడు నడుమ సీసం దిమ్మ ఉన్న అలాంటి బేరింగుల మీదే నిలబెట్టారు.

ఇక ఆకారం సంగతి. మీ ఇంట్లో పాత బకెట్టు చెవిని దగ్గరగా చూడండి. హ్యాండిల్ కమ్మి దూరే రంధ్రానికి పైన సన్నటి గీత ఒకటి కనిపిస్తుంది. అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్ బకెట్టు అడుగు మధ్య నుంచి వచ్చి గోడల వెంట పైఅంచు వైపు పాకుతుంది. రంధ్రం కోసం పెట్టిన పిన్ను అడ్డం రాగానే రెండు పాయలుగా చీలి, పిన్ను దాటాక, అంటే రంధ్రానికి పైన, మళ్లీ కలుస్తుంది. అప్పటికే పాయల కొసలు కొంత చల్లారి ఉంటాయి కనుక అతుకు పూర్తిగా పడదు. అదే వెల్డ్ లైన్. నిండు బకెట్టు ఎత్తితే కమ్మి పైకి లాగేది సరిగ్గా ఆ గీతనే. గోడలు ఇంకా ఏళ్లు మన్నేలా ఉన్నా, ఆ గీత దగ్గర తెగిందంటే బకెట్టు మొత్తం స్క్రాపుకే. రంధ్రం పైన ప్లాస్టిక్‌ను కాస్త వెడల్పు చేసి, అచ్చు ఉష్ణోగ్రత కొంచెం పెంచి, చెవి గోడను కలిసే మూలలో గోడ మందంలో సగమైనా గుండ్రటి వంపు ఇస్తే ఆ చెవి బకెట్టుతో సమానంగా బతుకుతుంది. అదనంగా పట్టే ప్లాస్టిక్ కొన్ని గ్రాములే.

బలం చాల్లేదనగానే మందం పెంచడం మన షాపుల్లో పాత అలవాటు. 2 మిల్లీమీటర్ల గోడను 3 చేశామనుకుందాం. బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది గనక 3.4 రెట్లు అవుతుంది, బాగానే ఉంది. దానా ఒకటిన్నర రెట్లు పడుతుంది. చల్లారే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనక రెండుంపావు రెట్లు అవుతుంది. మౌల్డింగ్ సైకిల్‌లో పెద్ద భాగం చల్లార్చడానికే పోతుంది కాబట్టి గంటకు దిగే ముక్కల సంఖ్య సగం దాకా పడిపోవచ్చు. కరెంటు బిల్లు కూడా దాన్ని బట్టే ఉంటుంది. అదే గోడను 2 మిల్లీమీటర్లే ఉంచి, వెనక దాంట్లో సగం మందంతో రిబ్‌లు వేస్తే ఆ బిగువు చాలా తక్కువ దానాతో వస్తుంది. రిబ్ అంతకన్నా మందమైతే ముందు వైపు గుంట (సింక్ మార్క్) పడుతుంది, జాగ్రత్త. డైలో ఆ గాళ్లు కోయడానికి ఖర్చవుతుంది కదా అంటారు. డైకి 5 లక్షలు, గాళ్లకు మరో 25 వేలు అనుకుందాం. 5 లక్షల ముక్కలు తీస్తే డై ఖర్చు ముక్కకు రూపాయి, గాళ్ల ఖర్చు 5 పైసలు. 10 వేల ముక్కలే తీసేవాళ్లకు మాత్రం లెక్క వేరు. వాళ్లకు ఇంజెక్షన్ డై కన్నా వేడిచేసి లాగే పద్ధతో, చేత్తో పేర్చే పద్ధతో నయం.

ఆ చేత్తో పేర్చే పద్ధతిలో ఈ దేశం చేసిన గొప్ప రబ్బరు డిజైన్ జైపూర్ పాదం. అది 1968 ప్రాంతంలో జైపూర్ సవాయి మాన్‌సింగ్ ఆస్పత్రిలో పుట్టింది. పని డాక్టర్ పి.కె. సేఠీదీ, పెద్ద చదువులు లేని శిల్పి రామచంద్ర శర్మదీ. అప్పటికి వాడుకలో ఉన్న విదేశీ కృత్రిమ పాదంలో గట్టి చెక్క గుండె ఉండేది, దానికి బూటు తప్పనిసరి. మన మనిషికి బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, గొంతుక్కూర్చోవాలి, తడి పొలంలో ఒట్టికాళ్లతో నడవాలి. శర్మ అచ్చు పట్టుకుని లారీ టైర్లకు రీట్రెడింగ్ చేసే షాపుకు వెళ్లాడు. అంతా ఒకే రబ్బరుతో పోస్తే పాదం బరువెక్కింది, బిగుసుకుంది. అప్పుడు పనులు పంచారు. మడమకూ ముందు పాదానికీ తేలికైన స్పాంజి లాంటి మైక్రోసెల్యులార్ రబ్బరు, చీలమండకు చెక్క, వీటిని కలిపి పట్టి ఉంచడానికి టైర్లలో వాడే తాడు పొరలు, పైన నీళ్లు దూరని, ఒంటి రంగు రబ్బరు తొడుగు. అన్నిటినీ అల్యూమినియం అచ్చులో పేర్చి వల్కనైజ్ చేస్తే ఒకే పాదంగా అతుకుతాయి. లాగుడు వచ్చిన చోట తాడు, నొక్కుడు వచ్చిన చోట స్పాంజి, అరుగుదల వచ్చిన చోట గట్టి రబ్బరు. ఖరీదైన పదార్థం ఒక్కటీ లేదు. సేఠీ దీనికి పేటెంటు కూడా తీసుకోలేదు.

మోకాలి కింద కాలుకు వాడేదేమిటో తెలుసా? నీళ్లకు వాడే హెచ్‌డీపీఈ పైపే. దాన్ని వేడిచేసి, మిగిలిన కాలు కొలతతో పోసిన ప్లాస్టర్ అచ్చు మీదికి లాగుతారు. వచ్చినవాళ్లు చాలాసార్లు అదే రోజు నడిచి వెళ్తారు. సింగీతం శ్రీనివాసరావు గారి 'మయూరి' సినిమా చూసిన తెలుగువాళ్లకు నర్తకి సుధా చంద్రన్ ఆ పాదంతో మళ్లీ నాట్యం చేసిన సంగతి చెప్పనక్కర్లేదు. తరవాత మోకాలి కీలుకు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు నూనె కలిపిన నైలాన్‌ను ఎంచుకున్నారు. దానికి బేరింగూ, గ్రీజూ అక్కర్లేదు. మన హైదరాబాదులోనే క్షిపణి ప్రయోగశాలలో పనిచేస్తున్న అబ్దుల్ కలాం గారు నిమ్స్ వైద్యులతో కలిసి, పిల్లలు ఈడ్చుకుంటూ నడిచే బరువైన కాలిపర్లను 300 గ్రాములకు తెచ్చారు. ఈ పనులన్నీ ఒకే ప్రశ్నతో మొదలయ్యాయి: దీన్ని వాడే మనిషి రోజంతా ఏం చేస్తాడు?

ఖర్చు తగ్గించడానికి దానాలో కలిపే సుద్ద పొడి గురించి కూడా చెప్పాలి. కాల్షియం కార్బొనేట్ కలపడమే తప్పని నేను అనను. పీవీసీ పైపులో కొలత ప్రకారం కలిపితే మేలే. కానీ పాలీప్రొపిలీన్ సాంద్రత 0.9, సుద్దది 2.7. ఎంత కలిపితే వస్తువు అంత బరువు తూగుతుంది, అంత పెళుసవుతుంది. ఏ ప్లాస్టిక్కో తెలియని రీసైకిల్ దానా కూడా అందులో పడితే, దాంతో చేసిన కుర్చీ రెండు వేసవులు దాటదు. 400 రూపాయల కుర్చీ రెండేళ్లకు విరిగితే ఏడాదికి 200. 600 పెట్టి కొన్నది ఆరేళ్లు నిలిస్తే ఏడాదికి 100. డబ్బున్నవాడికి ఈ తేడా తెలియదు, కూలి డబ్బుతో కొనేవాళ్లకు తెలుస్తుంది. రీసైకిల్ దానాను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ అది ఏ ప్లాస్టిక్కో, ఎన్నోసారి కరిగిందో తెలిసి ఉండాలి, బరువు మోయని చోటే వాడాలి.

ఈ సభ ముందు ఒక ప్రతిపాదన. మన ఎండలో మన దానా ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పే అంకెలు మౌల్డింగ్ షాపుల చేతిలో ఉండాలి, తెలుగులో ఉండాలి. అనంతపురం, రామగుండం, విశాఖపట్నం: ఒకచోట పొడి ఎండ, ఒకచోట బొగ్గు పొగ, ఒకచోట ఉప్పు గాలి. ఈ మూడు చోట్లా ఇంజినీరింగ్ కళాశాలల మేడల మీద దక్షిణానికి వాల్చిన చట్రాలు పెడదాం. శుద్ధమైన పాలీప్రొపిలీన్, ఎండను తట్టుకునే మందు కలిపినది, సుద్ద కలిపినది, రీసైకిల్‌ది, నల్ల హెచ్‌డీపీఈ, సహజ రబ్బరు, ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు. ప్రతి దాంట్లోంచి డంబెల్ ఆకారపు ముక్కలు తీసి, సగం ఊరికే ఎండబెట్టి, సగానికి బరువు కట్టి వేలాడదీద్దాం. ఏటా కొన్ని ముక్కలు దించి లాగి చూసి, ఆ అంకెల్ని షాపు గోడకు అంటించుకునే పట్టికగా అచ్చు వేద్దాం. పరీక్షలకు ప్లాస్టిక్ సాంకేతిక సంస్థ సీపెట్ హైదరాబాదు, విజయవాడ కేంద్రాల సాయం కోరదాం. ముక్కలు తీయడానికి డై కావాలి. అది ఒకటే డై అయి ఉండాలి, లేకపోతే అంకెల్ని పోల్చలేం. ఆ డై ఎవరు కోస్తారో, ఎవరెవరు ఏ దానా ఇస్తారో మధ్యాహ్నం భోజనాలకు లేచేలోపు పేర్లు రాయిద్దాం. వేసవి రాకముందే చట్రాలు మేడెక్కాలి.