పిల్లల పళ్ళెంలో జింకు, పిల్లల రక్తంలో జింకు



ఈనాటి ప్రసంగ విషయం జింకు. పేరు ఇంగ్లీషుదైనా వస్తువు మనకు కొత్తది కాదు. తెలుగులో తుత్తునాగం అంటాం, తమిళంలో తుత్తనాగం అంటారు. ఇంటి కప్పుకు వేసే ఇనుపరేకులు తుప్పు పట్టకుండా పూసే లోహం ఇదే. ఈ లోహం మన పిల్లల ఒంట్లో కూడా ఉండాలి. చాలా కొద్దిగా ఉంటే చాలు, కాని రోజూ అందుతూ ఉండాలి. అది చాలకపోతే పిల్లలు వయసుకు తగిన ఎత్తు ఎదగరు. విరేచనాలు మాటిమాటికీ పట్టుకుంటాయి. పుండు పడితే త్వరగా మానదు. నోటికి రుచి తెలియక అన్నం ముందు కూర్చుని మారాం చేస్తారు.

ఈమధ్య ఊళ్ళలో కూడా రక్తపరీక్షలు చేయించడం ఎక్కువయింది. బిడ్డ సరిగా ఎదగడం లేదు, జింకు పరీక్ష చేయించమంటారా అని బడికి వచ్చే తల్లులు అడుగుతుంటారు. నెల రోజులు బాగా తినిపించాం, రక్తంలో అంకె మాత్రం పెద్దగా పెరగలేదు అని దిగులుపడే వారూ ఉన్నారు. తిన్న తిండికీ, రక్తంలో కనిపించే జింకుకూ ఉన్న సంబంధం ఏమిటో తెలిస్తే ఈ దిగులు కొంత తగ్గుతుంది. ఖర్చు ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది.

ముందుగా రక్తం సంగతి చూద్దాం. ఒంట్లో ఉన్న జింకులో చాలా భాగం కండల్లోనూ ఎముకల్లోనూ ఉంటుంది. రక్తంలోని ద్రవభాగంలో తిరిగేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. బజారు వీధిలో తిరిగే మనుషులను లెక్కపెట్టి ఊరి జనాభా చెప్పగలమా? వాన పడితే వీధి ఖాళీ అవుతుంది, ఊరు ఖాళీ కాదు గదా. అలాగే బిడ్డకు జ్వరమో, చీము పట్టిన పుండో ఉంటే రక్తంలోని జింకు కొంత కాలేయంలోకి వెళ్ళిపోతుంది, పరీక్షలో అంకె తగ్గుతుంది. ఉదయం ఉన్న అంకె మధ్యాహ్నం ఉండదు. అందుకే పదేళ్ళ లోపు పిల్లలకు ఉదయం తీసిన రక్తంలో డెసిలీటరుకు 65 మైక్రోగ్రాములు, మధ్యాహ్నం తీసిన రక్తంలో 57 మైక్రోగ్రాములు అని వేరువేరు హద్దులు పెట్టారు. అంతకు తగ్గితే కొరత అంటారు. రక్తం తీసే గొట్టంలో దుమ్ము పడినా, రబ్బరు మూత తగిలినా అంకె మారిపోవచ్చు.

ఇలాంటి పరీక్ష ఒక్క బిడ్డ సంగతి తేల్చి చెప్పడానికి అంతగా పనికిరాదు. వేలాది పిల్లలకు ఒకే పద్ధతిలో చేస్తే మాత్రం దేశం పరిస్థితి తెలుస్తుంది. 2016 నుంచి 2018 వరకు మన దేశంలో సమగ్ర జాతీయ పోషకాహార సర్వే జరిగింది. అందులో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో నూటికి 19 మందికి, అయిదు నుంచి తొమ్మిదేళ్ళ వారిలో 17 మందికి, పది నుంచి పందొమ్మిదేళ్ళ వారిలో 32 మందికి జింకు కొరత ఉన్నట్టు తేలింది. చివరి అంకెను మరొక్కసారి మనసులో పెట్టుకోండి. హైస్కూలు వయసు పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరన్నమాట. ఒళ్ళు వేగంగా ఎదిగే వయసులో అవసరం పెరుగుతుంది, పళ్ళెం మాత్రం పాతదే ఉంటుంది.

మరి తిండిలో జింకు పెంచితే రక్తంలో పెరుగుతుందా? పెరుగుతుంది, కాని మనం అనుకున్నంత కాదు. పిల్లల మీద పలు దేశాల్లో జరిగిన పరిశోధనలను కలిపి లెక్కవేసిన సమీక్ష ఒకటి 2012లో వెలువడింది. లోపలికి వెళ్ళే జింకు రెండింతలైతే రక్తంలో పెరిగేది సగటున 9 శాతం మాత్రమే అని అందులో తేలింది. 60 మైక్రోగ్రాములున్న చోట సుమారు 65 అవుతుందన్నమాట. ఇది చిన్న మార్పే. అయినా కొరత హద్దును దాటించే మార్పు.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఒళ్ళు గడుసుది. జింకు తక్కువగా వస్తే పేగులు ఎక్కువ పీల్చుకుంటాయి, బయటికి పోయేదాన్ని తగ్గిస్తాయి. అదీ చాలకపోతే ఎదుగుదలను నెమ్మది చేసుకుని రక్తంలోని అంకెను నిలబెట్టుకుంటాయి. కాబట్టి అంకె బాగుందని నిశ్చింతగా ఉండకూడదు, అంకె పెరగలేదని తిండి మానకూడదు. ఇనుములాగా జింకును దాచుకునే గాదె ఒంట్లో లేదు. ఏరోజు జింకు ఆరోజు పళ్ళెంలోనే రావాలి.

పళ్ళెంలో ఉన్నదంతా ఒంటికి పడుతుందా అన్నది రెండో ప్రశ్న. 1958లో ఇరాన్‌లోని షిరాజ్ నగరంలో పనిచేస్తున్న ఆనంద ప్రసాద్ అనే మన దేశపు వైద్యుడి దగ్గరికి 21 ఏళ్ళ యువకుడు వచ్చాడు. చూడడానికి పదేళ్ళ పిల్లవాడిలా ఉన్నాడు. అతని తిండి పులియని గోధుమ రొట్టె, దానితో పాటు మట్టి తినే అలవాటు. ఇలాంటి వారిని పరీక్షించి, మనుషుల్లో కూడా జింకు కొరత ఉంటుందని ప్రసాద్ గారు లోకానికి చూపించారు. ఇక్కడ గమనించవలసింది, రొట్టెలో జింకు లేకపోలేదు. గింజల పైపొరలో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది జింకును పట్టి బిగించి, ఒంటికి అందనివ్వకుండా బయటికి తీసుకుపోతుంది.

ఇక మన వంటింటికి వద్దాం. అయిదేళ్ళ బిడ్డకు రోజుకు 4.5 మిల్లీగ్రాముల జింకు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించింది. పాలిష్ పట్టిన బియ్యం 150 గ్రాములు వండితే అందులో వచ్చేది సుమారు 1.8 మిల్లీగ్రాములు. చారన్నం, మజ్జిగన్నంతో పొద్దు గడిపితే సగం దగ్గరే ఆగిపోతాం. దానికి 30 గ్రాముల కందిపప్పు కలిపితే 0.8, ఒక గుడ్డుతో 0.6, పాతిక గ్రాముల వేరుశనగపప్పుతో 0.8, గ్లాసు పాలతో 0.7 వస్తాయి. మొత్తం కలిపితే లెక్క సరిపోతుంది. మాంసం తినే ఇంట్లో వారానికి ఒకసారైనా మాంసం కూర బిడ్డకు పెడితే మరీ మంచిది, అందులో జింకు బాగా ఒంటికి పడుతుంది. నువ్వుల్లో వంద గ్రాములకు ఏడు మిల్లీగ్రాముల పైన ఉంటుంది, చిమ్మిలి ఉండ పిల్లలకు ఇష్టమే గదా. చిన్న పిల్లలకు మాత్రం వేరుశనగ గింజలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. పొడి కొట్టి అన్నంలో కలపండి.

ఫైటేట్‌ను తగ్గించే ఉపాయం మన పెద్దలకు తెలుసు, పేరు మాత్రం తెలియదు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం. ఇడ్లీ పిండి రాత్రంతా పులిస్తే ఫైటేట్ తగ్గుతుంది. రాగిపిండిని కలిపి రాత్రి ఉంచి పొద్దున కాచే అంబలీ అంతే. చిత్తూరు వైపు గంగమ్మ జాతరలో పోసే అంబలి, తమిళ ఊళ్ళలో ఆడి మాసాన మారియమ్మ గుడి దగ్గర పోసే కూళు, రెండూ ఒకటే. అది పండగనాడు ఒక్కరోజుకే పరిమితం కానక్కరలేదు. శనగలు, పెసలు మొలకెత్తించి గుగ్గిళ్ళు చేయండి. జామపండు తింటే అన్నంలోని ఇనుము ఎక్కువగా ఒంటికి పడుతుంది, జింకుకు మాత్రం ఆ సాయం అందదని 2013లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ప్రచురించారు. పండు మంచిదే, పప్పూ గుడ్డూ చేసే పని అది చేయదు.

పిల్లల పళ్ళెం ఇంట్లోనే కాదు, బడిలో కూడా ఉంది. ఈ చెన్నై నగరంలోనే 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి గారు కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్నప్పుడు, ఆయిరం విళక్కు దగ్గరి కార్పొరేషన్ బడిలో పిల్లలకు ఫలహారం పెట్టడం మొదలుపెట్టారు. ఖర్చు బిడ్డకు రోజుకు ఒక అణా మించకూడదని నియమం. 1956లో కామరాజ్ గారు, 1982 జులై 1న ఎం.జి. రామచంద్రన్ గారు ఆ దారిని వెడల్పు చేశారు. 2010లో తమిళనాడు బడుల్లో వారానికి అయిదు గుడ్లు ఇవ్వడం వచ్చింది. బడి భోజనం తినడం నామోషీ అని పిల్లలకు నేర్పకండి. గుడ్డు తినే ఇల్లయితే, బడిలో పెట్టిన గుడ్డు తిన్నావా అని సాయంత్రం అడగండి.

రైతు సోదరులకు ఒక మాట. హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ 2016లో డి.ఆర్.ఆర్. ధాన్ 45 అనే వరి రకాన్ని విడుదల చేసింది. మామూలు రకాల పాలిష్ బియ్యంలో కిలోకు 12 నుంచి 16 మిల్లీగ్రాముల జింకు ఉంటే, దీనిలో 22.6 ఉంటుంది. ఇంటి తిండికి ఒక మడి వేయాలనుకుంటే మీ వ్యవసాయాధికారిని అడిగి చూడండి.

చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. బిడ్డకు విరేచనాలైతే నీళ్ళతో పాటు జింకు కూడా పోతుంది. జింకు తగ్గితే మళ్ళీ విరేచనాలు పట్టుకుంటాయి. ఈ చక్రాన్ని తెంచడానికే ఓ.ఆర్.ఎస్. ద్రావణంతో పాటు జింకు మాత్ర ఇవ్వాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెప్పాయి. మన దేశపు పద్ధతిలో రెండు నెలలు నిండి ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలల నుంచి అయిదేళ్ళ వరకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు ఇవ్వాలి. చెంచాడు తల్లిపాలలోనో, కాచి చల్లార్చిన నీళ్ళలోనో కరిగించి పట్టవచ్చు. చాలా ఇళ్ళలో మూడోరోజు విరేచనాలు ఆగగానే మాత్రలు అలమర పైకి వెళ్ళిపోతాయి. ఆ మిగిలిన పదకొండు రోజుల మాత్రలే రాబోయే నెలల్లో బిడ్డను కాపాడేవి. క్యాలెండరులో రోజూ ఒక గీత గీసి, పధ్నాలుగు గీతలు పూర్తి చేయండి. కళ్ళు గుంటలు పడినా, బిడ్డ నీళ్ళు తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

జింకు మంచిదని డాక్టరు చెప్పకుండా టానిక్కులు నెలల తరబడి పోయకండి. జింకు మితిమీరితే ఒంటికి కావలసిన రాగి లోహం తగ్గిపోతుంది. పరీక్ష అవసరమో కాదో డాక్టరు గారు చెబుతారు. జ్వరం లేనప్పుడు, పొద్దున పూట చేయించడం మేలు. పరీక్షలో వచ్చే అంకె ఆ పూట సంగతే చెబుతుంది. ఈ రాత్రి కాసిని శనగలు నానబోయడం, రేపు బిడ్డ పళ్ళెంలో పప్పు మరో గరిటె వడ్డించడం మన చేతుల్లో ఉన్న పని.