కామ్‌షాఫ్టు బేరింగులు: అరుగుదల, పరీక్ష, మార్పిడి



ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయములతో సంబంధము గలవారికి అంబాసిడరు కారును పరిచయము చేయనక్కరలేదు. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణిని అనుసరించి హిందుస్థాన్ మోటార్సువారు కలకత్తా చెంత ఉత్తరపాడలో దానిని తయారుచేసిరి. 2014లో ఉత్పత్తి నిలిచిపోయెను. అయినను పాత బండ్లను ప్రేమతో నిలుపుకొనువారు రాజధానిలో నేటికిని కలరు. 50 ఏండ్లు దాటిన వాహనములకు 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక రిజిస్ట్రేషను నియమములను కూడ ప్రకటించెను. అట్టి బండి ఇంజను దెబ్బతిన్నప్పుడు అందరును పిస్టనులను, క్రాంకుషాఫ్టును పరీక్షింతురు. కామ్‌షాఫ్టు బేరింగులను మరతురు. ఆ మరపు వలన వ్యయమంతయు వృథా కావచ్చును.

అంబాసిడరులో చిరకాలము వాడబడిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనులో కామ్‌షాఫ్టు సిలిండరు దిమ్మెలోనే, ప్రక్కగా అమరియుండును. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి ఇది ఒక చుట్టు తిరుగును. వాల్వులను తెరచుటయే గాక డిస్ట్రిబ్యూటరును, నూనె పంపును నడుపు భారము కూడ దీనిదే. దీనిని మోయునవి మూడు బేరింగులు. ఉక్కు గొట్టము లోపల తెల్లలోహపు పూత గల చిన్న కట్లవంటివి అవి. తగరము, ఆంటిమొని, రాగి కలిసిన ఈ మెత్తని లోహమునకు 1839లో అమెరికాలో పేటెంటు పొందినవాడు ఐజాక్ బాబిట్. మెత్తనిదగుట దాని లోపము కాదు, గుణము. నూనెలో వచ్చిన నలుసును తనలో ఇముడ్చుకొని, విలువైన షాఫ్టును గీతలు పడకుండ కాపాడును. కాని ఓర్పునకు హద్దు కలదు.

ఆ హద్దు దాటుటకు కారణములు మూడు. మొదటిది మురికి నూనె. వేసవిలో వడగాలితోపాటు వీచు ధూళి, గాలి ఫిల్టరు సరిగా లేనిచో, ఇంజనులో ప్రవేశించును. రెండవది చలికాలపు చిన్న ప్రయాణములు. ఇల్లు మొదలు కార్యాలయము వరకు నాలుగు మైళ్లు నడచి ఆగు బండి పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన నీటి చెమ్మ, పెట్రోలు నూనెను పలుచన చేయును. మూడవది మిక్కిలి ప్రమాదకరమైనది. ఒక కనెక్టింగు రాడ్డు బేరింగు పగిలినచో, దాని లోహపు పొడి నూనెతోపాటు ఇంజనంతయు తిరుగును.

ఈ బేరింగులు తరచు చప్పుడు లేకుండనే అరుగును. కావున చెవికంటె నూనె గేజినే ఎక్కువగా నమ్మవలెను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి బాగుండి, వేడెక్కి నెమ్మదిగా తిరుగునప్పుడు పడిపోవుచున్నచో అనుమానింపవలెను. అరుగుదల మిక్కుటమైనచో మందమైన దెబ్బ వినవచ్చును. అది క్రాంకుషాఫ్టు వేగములో సగము లయతో ఉండును. ఒక్కొక్క ప్లగ్గు తీగను వరుసగా తొలగించి చూచినప్పుడు శబ్దము తగ్గినచో దోషము ఆ సిలిండరు రాడ్డుదని ఊహింపవచ్చును. తగ్గనిచో కామ్‌షాఫ్టు వైపు చూపు మరల్చవలెను.

అయినను వెంటనే ఇంజను విప్పరాదు. తక్కువ ఖర్చు పరీక్షలు ముందు, ఎక్కువ ఖర్చువి తరువాత. నూనె మట్టము చూడవలెను. బండిలోని గేజి అబద్ధమాడుచున్నదేమోనని వేరొక గేజి తగిలించి చూడవలెను. రిలీఫు వాల్వు స్ప్రింగును, నూనె పంపును పరీక్షింపవలెను. ఇవి నిర్దోషులైనచో అడుగు తొట్టె విప్పి, నూనె మార్గములోనికి వెలుపలినుండి ఒత్తిడితో నూనె పంపి, ఏ బేరింగు వద్ద ధారగా కారుచున్నదో క్రిందినుండి చూడవలెను. చిక్కని నూనె పోసి గేజి ముల్లును పైకి లేపుట చికిత్స కాదు, రోగమును దాచుట. పాత బండి కొనువారు దీనిని ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను.

మార్పిడికి ఇంజనును బండినుండి దింపవలెను. గొలుసు, డిస్ట్రిబ్యూటరు, దాని చోదక దండము, పంపు, టాపెట్లు తీసిన పిమ్మట షాఫ్టును ముందువైపునకు లాగవలెను. మూడు బేరింగుల వ్యాసము ముందునుండి వెనుకకు తగ్గుచు వచ్చుటకు కారణమిదే. షాఫ్టు వాని గుండ జారిరావలెను. పాత బేరింగులను ఉలితో కొట్టరాదు. మెట్ల మాండ్రెలుతో మెల్లగా లాగవలెను. క్రొత్తవి ఎక్కించునప్పుడు వాని నూనె రంధ్రము దిమ్మెలోని రంధ్రముతో సరిగా కలియవలెను. కలియకున్నచో క్రొత్త బేరింగు నూనె అందక కొద్దికాలములోనే మాడును. తరువాత మూడింటిని ఒకే వరుసలో రీమరుతో సరిచేయవలెను. షాఫ్టుకును బేరింగుకును మధ్య ఉండవలసిన ఎడము అంగుళములో వెయ్యవ వంతు మొదలు రెండు వంతుల వరకే. అది తల వెండ్రుక మందముకంటె తక్కువ. చేతి అంచనా ఇచట పనికిరాదు, మైక్రోమీటరు కావలెను.

బేరింగు కూర్చుండు దిమ్మె రంధ్రమే చెడినచో యంత్రశాలలో బోరింగు చేయింపవలెను, లేదా వేరొక దిమ్మె వెదకవలెను. కాశ్మీరీ గేటు విడిభాగముల బజారులో గాని, మాయాపురి పాత సామాను దుకాణములలో గాని కొనబోవువారు తమ షాఫ్టు కొలతలను కాగితముపై వ్రాసికొని పోవలెను. మారుతి 800 వంటి బండ్లలో ఈ చికిత్స కుదరదు. వానిలో షాఫ్టు సిలిండరు హెడ్డులో నేరుగా తిరుగును. విడిగా మార్చు బేరింగులు లేవు.

తిరిగి బిగించుటకు ముందు నూనె మార్గముల బిరడాలన్నియు తీసి కడుగవలెను. పాత లోహపు పొడి మిగిలినచో క్రొత్త బేరింగులే దానికి మొదటి ఆహారము. పంపులో నూనె నింపి, గేజి ముల్లు లేచిన పిమ్మటనే ఇంజనును నడుపవలెను.

ఒక టాక్సీ యజమానికి ఈ పని రెండుసార్లు చేయించుట అనగా అన్ని దినముల రాబడి పోవుట. ఒక కార్యాలయమునకు, తెలియక బండిని పనికిరానిదని నిర్ణయించుట ప్రజాధనమును పారవేయుట. తెలియక బాగుచేయించుట కూడ అట్టిదే. కావున వేడెక్కిన ఇంజనుపై నూనె ఒత్తిడిని నెలకొకసారి చూచి బండి పుస్తకములో వ్రాయు అలవాటు డ్రైవరునకు నేర్పవలెను. అంకె క్రమముగా దిగుచున్నట్లు కనిపించిననాడే షెడ్డునకు పంపినచో, చెడునవి మూడు బేరింగులే. ఆలస్యము చేసినచో ఇంజనే.