మన రాకపోకల లెక్క ఎవరి చేతిలో?

(చందానగర్‌లో ఆఫీసుల్లో, ఇళ్లల్లో పనిచేసే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది ఇక్కడే ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగి, ఆఫీసులు శుభ్రం చేస్తారు. కొందరు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఇళ్ల పనికి వెళ్తారు. ఒకప్పుడు గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టేవాళ్లం. తర్వాత కార్డు చూపించాం. ఇప్పుడు మెడలో ట్యాగు ఉంటే చాలు, చెయ్యి ఎత్తకుండానే తలుపు తెరుచుకునే ఏర్పాట్లు వచ్చాయి. చేతిలో బకెట్టు ఉన్న మనిషికి అది సుఖమే, కాదనను.

కార్ల అద్దం మీద అంటించే ఫాస్టాగ్ చూశారు కదా, ఇదీ అలాంటిదే. ఇలాంటి ట్యాగులు చాలావాటిలో బ్యాటరీ ఉండదు. తలుపు దగ్గరి యంత్రం పంపే రేడియో తరంగాల శక్తితోనే అవి తమ నంబరు చెబుతాయి. కొన్ని మీటర్ల దూరం నుంచే చదవొచ్చు. కార్డు చూపించేది మనం. ట్యాగును మాత్రం మనకు తెలియకుండానే చదవొచ్చు. గేటు దగ్గరి యంత్రాన్నే బాత్‌రూము దారిలోనూ పెడితే? నెలసరిలో, గర్భంతో ఉన్నప్పుడు మనం ఎన్నిసార్లు వెళ్లామో సూపర్‌వైజరుకు ఎందుకు తెలియాలి?

ఇది ఊహ కాదు. 2005లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని సట్టర్ అనే చిన్న ఊళ్లో బడిపిల్లల మెడలో ఇలాంటి ట్యాగులు వేశారు. యంత్రాలను బాత్‌రూముల దగ్గర కూడా పెట్టారు. తల్లిదండ్రులు ఎదురుతిరిగారు. కొద్ది వారాల్లోనే ఆ పథకం ఆగిపోయింది.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో పౌరులందరినీ 'ఆమె' అనే రాశారు. సంతోషమే! కానీ ఉద్యోగ అవసరాలకైతే ఆమె సమ్మతి అక్కర్లేదని 7వ సెక్షన్ అంటోంది. తన వివరాలు చూపించమని అడిగే హక్కును 11వ సెక్షన్ సమ్మతితో ముడిపెట్టింది. అంటే, అడగకుండా లెక్క రాసుకున్నవారు ఆ లెక్క మనకు చూపించాలనే నియమం లేదు.

పది నిమిషాలు ఆలస్యమైతే జీతం కోయడానికి ఆ లెక్క బయటికి తీస్తారు. రాత్రి గంట ఎక్కువ పనిచేశామని కూడా అదే లెక్క చెబుతుంది. అప్పుడెందుకు తీయరు?

అందుకే మనం ట్యాగు వద్దనడంలేదు. అడుగుతున్నవి నాలుగే. యంత్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుగులో రాసి పెట్టాలి. బాత్‌రూములు, విశ్రాంతి గదుల దగ్గర అవి ఉండకూడదు. నెలనెలా మన గంటల లెక్క జీతంతోపాటు మన చేతికివ్వాలి. ట్యాగు వద్దన్న మనిషికి రిజిస్టరు ఉండాలి, పని పోకూడదు.

ఈ నాలుగూ ఒక్కొక్కరం విడిగా అడిగితే గేటు బయటే నిలబెడతారు. కలిసి అడుగుదాం.